శాండ్ త్రీ గుట్టు రట్టు చేసిన మొనగాణ్ణి నేనే

మనిషి తన పరువు తానే తీసుకోవాలంటే మామూలుగా కొన్నేళ్లు పడుతుంది. నేను ఆ పని తొమ్మిది రోజుల్లో ముగించాను. ఆ తొమ్మిది రోజుల్లో ఒక రాళ్ల క్రషర్ ఆగిపోయింది, లారీలు ఎండలో బారులు తీరాయి, ఏ పాపమూ ఎరగని ఒంటెల మంద రోడ్డుకు అడ్డంగా ధర్నాకు కూర్చుంది, నా ఉద్యోగం ఊడి చేతిలోకి రావడం వెంట్రుకవాసిలో తప్పింది. ఇంతా ఎందుకోసం అనుకున్నారు? దేశం కోసం కాదు, ప్రేమ కోసం కాదు. ఒక వీడియో గేమ్ కోసం. అదీ ఇంకా పుట్టని గేమ్ కోసం. నవ్వొస్తే మొహమాటపడకండి. ఇప్పుడు ఆపుకున్నా కాసేపట్లో ఎలాగూ నవ్వుతారు.

ముందు నాలుగేళ్ల కిందటి నన్ను మీకు పరిచయం చేయాలి. పేరు ప్రసన్న. వయసు ఇరవై ఏడు. ఊరు బాపట్ల పక్కన. మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్ ఉద్యోగం, దార్సైట్‌లో ఇద్దరు మలయాళీలతో కలిసి ఒక ఫ్లాట్. చూడ్డానికి ఎవరికీ హాని చేయని మనిషిలాగే ఉండేవాణ్ణి. కానీ డ్యూటీ అయిపోయి ఫోన్ చేతిలోకి తీసుకున్నానంటే నేను ప్రసన్నను కాదు. 'గల్ఫ్ తెలుగు గేమర్లు' అనే గ్రూపుకు వ్యవస్థాపకుణ్ణి, అడ్మిన్‌ని, వార్తా విభాగానికి అధిపతిని. ఆ విభాగంలో పనిచేసేది కూడా నేనొక్కణ్ణే కాబట్టి నా మాటకు తిరుగుండేది కాదు.

నా వార్తలు ఎలా ఉండేవంటారా? ఎవడో అమెరికావాడు ఎక్కడో రాసింది చదివి, దాన్ని తెలుగులోకి దించి, చివర 'అని మా విశ్వసనీయ వర్గాలు ధ్రువీకరించాయి' అని తగిలించేవాణ్ణి. ఆ వర్గాలు ఎవరో దేవుడికి కూడా తెలియదు. పైన ఎర్రటి అక్షరాలతో 'బ్రేకింగ్' అని పెట్టకుండా ఒక్క వాక్యం రాసేవాణ్ణి కాదు. మా గ్రూపు వాళ్లకు సలాం చెప్పినా బ్రేకింగ్ న్యూసే.

ఇక మేమంతా ఎదురుచూస్తున్న గేమ్. దాని పూర్తి పేరు చెప్పను, ఆ కంపెనీ లాయర్లంటే నాకు గౌరవం. అభిమానులం ముద్దుగా 'శాండ్' అనేవాళ్లం. ఎడారిలో మాయమైపోయిన ఒక నగరాన్ని వెతుక్కుంటూ వీరుడొకడు ఒంటెనెక్కి తిరుగుతుంటాడు. రెండు భాగాలు వచ్చాయి. మూడోది ఇదిగో అన్నారు, అదిగో అన్నారు, ఏళ్లు గడిచిపోయాయి. మా గ్రూపులో రెండో భాగం ఆడుతున్నప్పుడు బ్రహ్మచారులుగా ఉన్నవాళ్లు మూడోదాని కోసం చూస్తూ చూస్తూ పిల్లల తండ్రులయ్యారు. ఎదురుచూపు మనుషుల్ని ఏం చేస్తుందో మావాళ్లను చూస్తే తెలిసేది. ఒకసారి ఆ కంపెనీవాళ్లు పండగ శుభాకాంక్షలు చెబుతూ ఒక బొమ్మ పెట్టారు. అందులో మూడు కొవ్వొత్తులున్నాయి. మూడు! ఇంకేముంది, శాండ్ త్రీ ప్రకటన వచ్చేసినట్టే అని మావాళ్లు సంబరాలు చేసుకున్నారు. నాలుగో కొవ్వొత్తి సగం కనబడుతోందని ఎవరో చూపిస్తే వాణ్ణి గ్రూపులోంచి తోసేశాను. అంతటి నిష్పాక్షిక పాత్రికేయం నాది.

ఈ పిచ్చాసుపత్రిలో తలకాయ పనిచేసే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఇమ్రాన్. కడప వాడు. మస్కట్‌కు రెండు గంటల దూరంలోని ఇబ్రా ఊళ్లో సిమెంటు, ఇసుక, ఇనుప చువ్వలు అమ్మే దుకాణంలో కౌంటరు చూసుకునేవాడు. శాండ్ రెండు భాగాలూ నాకంటే బాగా ఆడాడు. కానీ నేను బ్రేకింగ్ అనగానే కింద ఒకే మాట పెట్టేవాడు: "సబూత్ యాడ భాయ్?"

రుజువు ఎక్కడ అని. ఆ రెండు ముక్కలు చదివితే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

"ఇమ్రాన్ గారూ, ఒక పాత్రికేయుడు తన వర్గాలను బయటపెట్టకూడదండీ. అది వృత్తి ధర్మం" అని రాసేవాణ్ణి.

"ఎక్స్‌రే తీసేది నీ వృత్తి కదప్పా. దాని ధర్మం సూసుకో" అని జవాబొచ్చేది.

వాడన్నదే నిజమైంది. ఎలాగో చెబుతాను.

ఒక గురువారం మధ్యాహ్నం నా గదికి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఎడమ మణికట్టు వాచి గుమ్మడికాయలా ఉంది. కాగితం మీద పేరు మల్లేశం. అవేవీ నేను చూడలేదు. నేను చూసింది ఆయన వేసుకున్న టీషర్టు. నల్లటి బట్ట మీద బంగారు రంగు తేలు. శాండ్ గుర్తు! తర్వాత తెలిసింది, అది ఆయన మస్కట్‌లోని పాత బజారు మత్రా సూక్‌లో కుప్పగా పోసి అమ్ముతుంటే తీసుకున్న టీషర్టట. తేలును చూసి రొయ్య అనుకున్నాడట. కానీ ఆ క్షణంలో నా కళ్లకు ఆయన శాండ్ సృష్టికర్తల్లో ఒకడిలా కనిపించాడు. వాచిన మణికట్టు చూసి, రేయింబవళ్లు గేమ్ తయారుచేసీ చేసీ వచ్చిన జబ్బే అని నేనే రోగనిర్ధారణ చేసేశాను. డాక్టరు దేనికి, దండగ!

చెయ్యి బల్ల మీద పెట్టమంటుండగా ఆయన ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం తమ్మీ" అని మంచి చేత్తో ఎత్తి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఆ, చెప్పన్నా. శాండ్ త్రీ అయిపోయింది. నిన్ననే అయిపోయింది. టెస్టింగ్‌ల గూడ పాసైంది. శాండ్ టూ లెక్క గాదన్నా, గిది మస్తు స్మూత్ ఉంటది. అక్టోబర్‌ల షిప్పింగ్. ఏరియా గూడ ఈసారి డబుల్ జేసినం. ఒక్కటే లొల్లి, ఒంటెలు. ఒంటెలను తీసేస్తెనే పని నడుస్తది. తీసేస్తం. అప్పటిదాంక ఎవ్వలకు జెప్పకు."

పాఠకులారా, మీరే చెప్పండి. గేముల వ్యాపారంలో విడుదలను షిప్పింగ్ అంటారు. ఆట ఆగకుండా సాఫీగా నడిస్తే స్మూత్ అంటారు. ఏరియా డబుల్ అంటే తిరిగే ఎడారి రెండింతలైందని. పైగా 'ఎవ్వలకు జెప్పకు' అన్నాడు! ఆ మాట అనకపోయి ఉంటే నేను కొంచెమైనా అనుమానించేవాణ్ణేమో. ఎవరికీ చెప్పొద్దు అన్న మాట చెవిన పడగానే నా ఒళ్లంతా నోరైపోయింది.

"తమ్మీ..." అన్నాడాయన.

"చెప్పండి సార్" అన్నాను, గొంతులో భక్తి పొంగిపొర్లుతుండగా.

"గిది నా మంచి చెయ్యి. దెబ్బ తాకింది గా చేతికి."

చూస్తే, ఫోన్ పెట్టేసిన కుడి చేతినే బల్ల మీదికి లాగి నేను శుభ్రంగా దానికి ఎక్స్‌రే తీసి పెట్టాను. ఎముకలు చక్కగా, ముత్యాల్లా ఉన్నాయి. ఉండవు మరి! క్షమించమని ఎడమ చేతికి మళ్లీ తీశాను. ఆయన వెళ్లేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, శాండ్ త్రీ నిజంగా అక్టోబర్లోనేనా?"

ఆయన ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. "నీకెట్ల ఎర్క?"

"మేమంతా దానికోసమే ఎదురుచూస్తున్నాం సార్. ఏళ్ల నుంచి."

"అట్లనా!" ఆయన మొహం వెలిగిపోయింది. "ఇల్లు గడుతున్నవా తమ్మీ?"

ఇల్లు కడుతున్నావా! దేవుడు ఇంతకంటే స్పష్టంగా హెచ్చరించాలంటే ఆకాశం నుంచి బోర్డు దించాలి. కానీ శాండ్ రెండో భాగంలో ఆటగాళ్లు ఎడారిలో ఇళ్లు కట్టుకోవచ్చు. నేను కట్టుకున్నాను కూడా, మూడంతస్తులు. అందుకని గర్వంగా "కట్టాను సార్. కూలిపోయింది" అన్నాను.

"శాండ్ టూ వాడినవా? అందుకే కూలింది. త్రీ రానియ్యి, పగులు గూడ రాదు" అని ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన తలుపు దాటీ దాటకముందే నా బొటనవేళ్లు ఫోన్ మీద పరుగెత్తుతున్నాయి. 'బ్రేకింగ్! ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా! శాండ్ త్రీ పూర్తి! అక్టోబర్‌లో విడుదల! ఎడారి రెండింతలు! ఇళ్లు కూలవు! విచారకరమైన విషయం: ఒంటెలు ఉండవు! మస్కట్ ఆసుపత్రిలో మణికట్టు చికిత్స పొందుతున్న ప్రధాన డిజైనర్ స్వయంగా మా ప్రతినిధికి చెప్పారు.' మా ప్రతినిధి! ఒక చేతిలో ఎక్స్‌రే ఫిల్ము, ఇంకో చేతిలో ఫోనుతో నిలబడ్డ గాడిదకు అంత పేరు.

పేరు రాయలేదు, ఫొటో పెట్టలేదు కాబట్టి రోగి రహస్యం కాపాడానని నన్ను నేను మెచ్చుకున్నాను. మా ఆసుపత్రిలో చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం చేశాను: రోగి గురించి గడప దాటి ఒక్క మాట బయటికి పోతే ఉద్యోగం పోతుందని. ఆ కాగితం నాకు ఆ సాయంత్రం గుర్తుకు రాలేదు. కీర్తి వచ్చినప్పుడు కాగితాలు గుర్తురావు.

కీర్తి అంటే మామూలు కీర్తి కాదు. దుబాయ్, దోహా, కువైట్, సలాలా, ఎక్కడెక్కడి తెలుగువాళ్లో గ్రూపులోకి దూకారు. "అన్నా నువ్వు దేవుడివి" అన్నారు. ఒకడు నా ఎక్స్‌రే గదికి దండం పెడుతున్న బొమ్మ తయారుచేశాడు. అందరి మధ్యన ఇమ్రాన్ ఒక్కడే, యథాప్రకారం: "సబూత్ యాడ భాయ్?"

"మనిషి నా ఎదురుగా నిలబడి చెప్పాడండీ!"

"యా మనిషి? పేరేంది? యా కంపెనీ?"

"అది రహస్యం."

"అంతా రహస్యమే, ఊరంతా సాటింపు" అని రాసి ఊరుకున్నాడు.

రెండో రోజుకు నా కీర్తిని ఒంటెలు తినేశాయి. అభిమానుల సంగతి మీకు తెలియదు. రాని గేమ్ వస్తోందన్న ఆనందం ఒక పూట కూడా నిలవలేదు. ఒంటెలు తీసేస్తారా అన్న కోపం పట్టుకుంది. "ఒంటె లేని ఎడారి ఎడారేనా?" "నా ఒంటెకు నేను మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నా, ఎలా తీస్తారు?" "గుర్రాలు పెడతారంట, నాకు తెలుసు." "గుర్రాలు కాదు, మోటారు సైకిళ్లు." ఇంకా కళ్లతో చూడని గేమ్‌ను నానా తిట్లూ తిట్టారు. ఒంటె పక్షం, గుర్రం పక్షం అని రెండు ముఠాలయ్యారు. బావామరుదులు మాటలు మానేశారు. సలాలాలో పనిచేసే ఒకడు, గ్రూపులో 'సలాలా సింహం' అనే పేరు పెట్టుకున్నవాడు, ఉద్యమానికి నాయకుడయ్యాడు. వాడి ఆవేశం చూసి ముచ్చటపడి నేనే వాణ్ణి రెండో అడ్మిన్‌ను చేశాను.

సింహం ఒక పోస్టరు చేయించింది. ఒంటె బొమ్మ, కింద ఇంగ్లీషులో 'ఒంటెలను తీసేయొద్దు'. గల్ఫ్‌లో ఉన్నాం కదా అని అరబ్బీలో కూడా ఉండాలన్నారు. ఎవరో ఫోన్‌లోని అనువాదం యాప్‌ను నమ్ముకున్నారు. అది 'కంపెనీ ఒంటెలను తీసేయబోతోంది, ఒప్పుకోకండి' అని మార్చి ఇచ్చిందట. మావాళ్లు దాన్ని అచ్చువేసి కార్లకు, కిటికీలకు అంటించారు. ఇబ్రాలో ఉన్న మావాడొకడు, ఇమ్రాన్‌ను ఉడికించాలని, ఏకంగా వాడి దుకాణం అద్దం మీద అంటించి వచ్చాడు. ఆ ఫొటో గ్రూపులో పెడితే నేను నవ్వుల బొమ్మలు డజను కొట్టాను. కొట్టిన ఆ డజను బొమ్మలకీ తర్వాత ఒక్కొక్కటిగా ఏడ్చాను.

తొమ్మిదో రోజు శుక్రవారం. గల్ఫ్‌లో చర్చి ఆరాధన జరిగేది ఆ రోజే. నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని ఆరాధనకు బయల్దేరుతున్నాను. ఇమ్రాన్ ఫోన్. అంతవరకు మేం రాసుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు.

"ప్రసన్నా, యాడుండావు?"

"ఇంట్లోనే అండీ. ఏంటి విషయం, క్షమాపణ చెప్పడానికా?" అన్నాను, వెటకారంగా.

"నీ డిజైనరు పేరు మల్లేశమా?"

నా చేతిలోని బైబిలు కిందపడబోయి ఆగింది. "మీకెలా తెలుసు?"

"ఎడమ చేతికి పట్టీ ఏసుకోని ఉండాడా?"

"ఇమ్రాన్ గారూ..."

"గారూ గీరూ వద్దు గానీ, ఇను. శాండ్ త్రీ నా దుకాణంలో ఉండాది."

"ఏంటీ! డిస్కా?"

"డిస్కు కాదప్పా, బస్తా! ప్లాస్టరింగ్ ఇసుక! వన్ అంటే దొడ్డుది, టూ అంటే నడిమిది, త్రీ అంటే సన్నది. మల్లేశం అన్న ఈడ క్రషర్‌లో సూపర్వైజరు. మాకు ఇసుక పంపేది ఆయనే. ఈ యేడు క్రషర్ జాగా డబుల్ సేసినారు. శాంపులు బస్తా ఎదురుగా పెట్టుకోని మాట్లాడతాండా. ఫొటో పంపిస్తా సూడు. సబూత్."

ఫొటో వచ్చింది. తెల్లటి బస్తా. దాని మీద నల్లటి అక్షరాలు: శాండ్ 3.

మంచం మీద కూర్చున్నాను. స్మూత్. టెస్టింగ్. ఏరియా డబుల్. ఇల్లు కడుతున్నావా. ఒక్కొక్క మాటా వచ్చి చెంప మీద కొట్టి వెళ్తోంది.

"మరి ఒంటెలు?" అన్నాను నీరసంగా.

"అదే సెప్తాండా. క్రషర్ రోడ్డు పక్కన హమూద్ బాబా అని ఒక పెద్దాయన ఉండాడు. ఆయన ఒంటెలు రోడ్డు మిందికొస్తాయి, లారీలు ఆగిపోతాయి. దారి పక్కకు మార్చుకోమని మల్లేశం అన్న ఆయన్ని మెల్లగా ఒప్పిస్తా ఉండాడు. నిన్న బాబా సిమెంటు కోసం నా అంగడికొచ్చి, అద్దం మింద మీవాళ్ల కాగితం సూసినాడు. కంపెనీ ఒంటెలను తీసేయబోతోంది అని! ఈ పొద్దు పొద్దున్నే మందనంతా తోలకచ్చి రోడ్డుకడ్డం పండబెట్టినాడు. లారీ ఒక్కటి కదల్లేదు. కంపెనీలో మల్లేశం అన్నని గుచ్చి గుచ్చి అడుగుతాండారు, బయటికి మాట ఎట్ల పోయిందని. ఆయన ఉద్యోగం పోయేట్టుండాది. నువ్వు రా."

"నేనా? నేనొచ్చి ఏం చెప్పను?"

"గ్రూపులో సెప్పినంత ధైర్యంగా సెప్పు."

ఆరాధనకు వెళ్లాల్సినవాణ్ణి ఇబ్రా టాక్సీ ఎక్కాను. దారి పొడుగునా ప్రార్థన మాత్రం చేస్తూనే ఉన్నాను. ఆ రెండు గంటల్లో చేసినంత భక్తిగా జన్మలో చేయలేదు.

ఇమ్రాన్ దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. నేను ఊహించుకున్న ఇమ్రాన్ ఆరడుగుల గడ్డం మనిషి. ఎదురుగా ఉన్నవాడు నా భుజం దాకా వచ్చే బక్కపలచటి కుర్రాడు, ముక్కు మీద జారే కళ్లజోడు. నన్ను చూసి, తిడతాడేమో అనుకుంటే, చేతిలో టీ గ్లాసు పెట్టాడు. "తాగు భాయ్. ఆడికి పోయినాక నీకు గొంతు లేయదు" అన్నాడు. ఆ దయ తిట్టుకంటే ఎక్కువ మండింది.

క్రషర్ రోడ్డు దగ్గర చూసిన దృశ్యం నా శత్రువులకు కూడా వద్దు. రోడ్డుకు అడ్డంగా ఇరవైకి పైగా ఒంటెలు, మా గ్రూపు సభ్యులకంటే ఎంతో హుందాగా నెమరు వేస్తూ కూర్చున్నాయి. వెనక కనుచూపు మేర లారీలు. పక్కన రేకుల పందిరి కింద చాప మీద తెల్ల గడ్డం హమూద్ బాబా, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని. ఎదురుగా చేతికి పట్టీతో మల్లేశం. నన్ను చూడగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నువ్వు... ఎక్స్‌రే పిలగానివి గదా? మంచి చేతికి తీసినవ్?"

"నేనే సార్" అన్నాను. "ఇదంతా కూడా నేనే సార్."

చెప్పాను. నిలబడే చెప్పాను. టీషర్టు, ఫోను, గ్రూపు, పోస్టరు. మల్లేశం మొదట అర్థం కాక చూశాడు. తర్వాత అర్థమయ్యి చూశాడు. ఆ రెండో చూపు భరించడం కష్టమైంది.

"అంటే, నేను చెయ్యి ఇరిగి నొప్పితోని సావంగ, నువ్వు నా ఫోను ఇనుకుంట కూసున్నవ్?"

"అవును సార్."

"ఇని, దునియాకంత జెప్పినవ్?"

"పేరు చెప్పలేదు సార్."

"పేరు జెప్పలే! ఎంత మంచోనివయ్యా! ఇరవై రెండేండ్ల సంది ఈ దేశంల జేస్తున్న. ఒక్కనాడు మాట వడలే. ఇయ్యాల మా మేనేజరు నన్ను దొంగను జూసినట్టు జూసిండు. నేను మీ హాస్పిటల్‌కు ఒక్క ఫోన్ జేస్తె నీ గతేంది?"

"పోతుంది సార్, ఉద్యోగం."

"మరి జెయ్యాల్నా?"

ఏం చెప్పమంటారు? వద్దనడానికి మొహం లేదు. చెయ్యమనడానికి ధైర్యం లేదు. అప్పుడు హమూద్ బాబా కర్రతో చాప మీద రెండుసార్లు తట్టాడు. ఇక్కడి పెద్దవాళ్లు మనవాళ్లతో మాట్లాడే అరబ్బీ కలిసిన హిందీలో, "ఏమిటి గొడవ? ఈ కుర్రాడెవరు?" అని అడిగాడు.

ఇమ్రాన్ దుబాసీ పని మీదేసుకున్నాడు. ఫోన్‌లో ఆడుకునే ఆట అట, అందులో ఒంటెలు అట, వాటిని తీసేస్తారేమోనని వీళ్ల బాధ అట, ఆ కాగితం దాని గురించేనట. బాబా ఓపికగా విన్నాడు.

"అంటే ఆ ఒంటెలు నావి కావు?"

"కావు బాబా."

"మరి ఎవరివి?"

"ఎవరివీ కావు. బొమ్మవి."

"లేని ఒంటెల కోసం ఇంతమంది కాగితాలు అంటించారా?" బాబా నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, వైద్యం అందని రోగిని చూసిన జాలి ఉంది. "చూపించు."

శాండ్ రెండో భాగం వీడియో పెట్టి ఫోన్ ఆయనకిచ్చాను. తెర మీద వీరుడు ఒంటెనెక్కి ఇసుక దిబ్బల మీద పరుగులు తీస్తున్నాడు. బాబా కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. పక్కకు తిప్పి చూశాడు. చివరికి ఫోన్ నా చేతిలో పడేశాడు.

"ఇది జమల్ కాదు" అన్నాడు. జమల్ అంటే ఒంటె.

"అదేంటి బాబా?"

"మోకాలు అటు వంగుతుందా ఎక్కడైనా? ఆ మెడ చూడు, కోడి మెడ. ఎవడో గాడిదకు వీపు మీద మూట కట్టి పరుగెత్తించాడు. తీసేయమను."

"బాబా?"

"తీసేయమను దీన్ని! ఒంటె జాతికే అవమానం. నేను కూడా సంతకం పెడతాను. ఆ కాగితం మార్చి రాయండి."

ముందు ఇమ్రాన్ నవ్వాడు, కళ్లజోడు జారి కిందపడేలా. తర్వాత మల్లేశం ఆపుకోబోయి ఆపుకోలేక, పట్టీ చెయ్యి పట్టుకుని, "అబ్బ, నొప్పి లేస్తుంది, నవ్వియ్యకుండ్రి" అంటూ నవ్వాడు. ఏళ్ల తరబడి ఏ ఒంటె కోసం మా గ్రూపు గుండెలు బాదుకుందో ఆ ఒంటెను ఒంటెల మనిషి అర నిమిషంలో కొట్టిపారేశాడు.

ఆ నవ్వుల్లోనే పని సానుకూలపడింది. బాబా కహ్వా అనే అరబ్బీ కాఫీ పోయించి, ఖర్జూరాలు పెట్టించాడు. నా ఒంటెలు ఎక్కడికీ పోవని మీ కంపెనీతో చెప్పించండి, అంతే చాలన్నాడు. మల్లేశం మేనేజరును ఫోన్‌లో పిలిపించి ఆ మాట చెప్పించాడు. ఒంటెలు దాటే చోట లారీలు ఆగాలనీ, మిగతా రోడ్డు లారీలదనీ తేల్చుకున్నారు. మాట ఎలా బయటికి పొక్కిందో ఆ మేనేజరుకు నేనే చెప్పాను. "వీడియో గేమా?" అన్నాడు. "అవును సార్." "మీ వయసెంత?" నా వయసు చెప్పడానికి నాకు అంత సిగ్గెప్పుడూ వేయలేదు.

ఒంటెలు లేచాయి. లారీలు కదిలాయి. మల్లేశం నా దగ్గరికొచ్చాడు.

"హాస్పిటల్‌కు జెప్పనులే. కని ఒక్క షరతు. నువ్వు జెప్పింది తప్పని గా గ్రూపుల నువ్వే రాయాలె. ఇప్పుడే. నా ముందల."

"తప్పకుండా సార్."

"ఇంకోపారి ఎవనికన్న ఎక్స్‌రే దీసేటప్పుడు, గా చెయ్యి జూడు. నోరు గాదు."

అక్కడే, లారీల దుమ్ములో నిలబడి రాశాను. మొదటిసారి 'బ్రేకింగ్' లేకుండా, విశ్వసనీయ వర్గాలు లేకుండా. 'నేను రాసింది తప్పు. అది గేమ్ కాదు, ప్లాస్టరింగ్ ఇసుక. నేను విన్నదాన్ని నాకు తోచినట్టు అల్లాను. ఒక మంచి మనిషిని ఇబ్బంది పెట్టాను. క్షమించండి.' కింద బస్తా ఫొటో కూడా పెట్టాను. నా పాత్రికేయ జీవితంలో రుజువుతో సహా రాసిన వార్త అదొక్కటే.

ఇమ్రాన్, మల్లేశం చెరో భుజం మీద నుంచి ఫోన్‌లోకి తొంగిచూస్తున్నారు. జవాబులు రావడం మొదలైంది.

"అన్నను కంపెనీ బెదిరించింది!"

"బస్తా అంట! ఎంత దిగజారిపోయారో చూడండి, ఇసుక బస్తా చూపించి దాస్తున్నారు!"

"బస్తా మీద 3 ఉంది. గమనించారా? అన్న మనకు సైగ చేస్తున్నాడు!"

"నిజంగా ఇసుకే!" అని రాశాను. "ఇమ్రాన్‌ను అడగండి!"

"ఇసుకే భాయ్. నేనే అమ్ముతాండా" అని ఇమ్రాన్ రాశాడు.

"ఇమ్రాన్‌ను కూడా కొనేశారు!!"

అప్పుడు సలాలా సింహం గర్జించింది. "నిజం చెప్పే దమ్ము లేనివాళ్లకు ఈ గ్రూపులో చోటు లేదు." మరుక్షణం నా తెర మీద ఒక చిన్న వాక్యం వచ్చింది: మిమ్మల్ని ఈ గ్రూపు నుంచి తొలగించారు.

నేను పెట్టిన గ్రూపులోంచి, నేను అడ్మిన్‌ను చేసినవాడు, నేను పుట్టించిన అబద్ధాన్ని నేను నమ్మడం లేదన్న నేరం మీద నన్ను బయటికి నెట్టాడు! అబద్ధం చెప్పినన్నాళ్లు దేవుణ్ణి. ఒక్కసారి నిజం చెప్పానో లేదో ద్రోహిని.

మల్లేశం సానుభూతిగా అడిగాడు: "ఏమంటున్రు తమ్మీ?"

"నమ్మట్లేదు సార్."

"మరి శాండ్ త్రీ మీద నమ్మకం ఉన్నదా లేదా?"

"దాని మీద మాత్రం గట్టిగా ఉంది సార్."

"ఉంటది, మంచి మాల్ గది" అన్నాడాయన, ఎంతో తృప్తిగా.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. నేను చెప్పినట్టే, అక్టోబర్‌లోనే శాండ్ త్రీ ఓడ ఎక్కింది. ఎంత స్మూత్‌గా ఉందో ఇమ్రాన్ దుకాణంలో వేళ్లతో నలిపి చూశాను. గేమ్ మాత్రం ఇవాళ్టి వరకు రాలేదు. సలాలా సింహం గ్రూపులో ఇప్పటికీ ప్రతి సెప్టెంబరులోనూ, వచ్చే నెలే విడుదల అని బ్రేకింగ్ వస్తోందట. కింద 'మా విశ్వసనీయ వర్గాలు' అని కూడా ఉంటోందట.

కనుక ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: నేను, బాపట్ల ప్రసన్నను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వార్త చెవిన పడినా, అది జీబీల్లో దిగేదో టన్నుల్లో దిగేదో విచారించి, తూకం చీటీ కళ్లారా చూసిన తర్వాతే నోరు తెరుస్తాను.